ఎండకాలంలో డ్రోన్ బ్యాటరీలు: ఛార్జింగ్ జాగ్రత్తలు



వేలూరు ఎండ గురించి వేలూరు, గుడియాత్తం వాళ్ళకు చెప్పేదేముంది? చుట్టూ బండరాతి కొండలు. పగలంతా కాగిన రాయి పొద్దు గూకాక కూడా సెగ వదులుతూనే ఉంటుంది. అగ్నినక్షత్రం రోజుల్లో 40 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. ఆ వేడికి మనిషైతే చెట్టు నీడకు చేరుకుంటాడు. గట్టు మీద పెట్టిన బ్యాటరీ మాత్రం ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది.

చేలకు మందు కొట్టే డ్రోన్లు ఇప్పుడు పల్లెలకు వస్తున్నాయి. 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇచ్చే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో ఆమోదించింది. డ్రోన్‌ను ఎగరేయడం శిక్షణలో నేర్పుతారు. కానీ ప్రమాదం ఎక్కువగా పొంచి ఉండేది అది నేల మీద ఉన్నప్పుడు, ఛార్జింగ్ పెట్టినప్పుడు.

2022 మార్చిలో మన వేలూరులోనే, చిన్న అల్లాపురంలో జరిగిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. రాత్రి ఇంట్లో విద్యుత్ స్కూటరు ఛార్జింగ్‌లో ఉండగా మంటలు లేచాయి. ఆ పొగకు ఊపిరాడక తండ్రీ కూతురూ ఇద్దరూ చనిపోయారు. మరుసటి నెలలోనే నిజామాబాదులోనూ, విజయవాడలోనూ ఇళ్ళలో ఛార్జింగ్ పెట్టిన స్కూటరు బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. అవి స్కూటర్లే కావచ్చు. డ్రోన్లో ఉండేదీ ఆ లిథియం జాతి బ్యాటరీయే.

ఇది ఎందుకు మండుతుంది? గుడియాత్తంలో అగ్గిపెట్టెల పని తెలిసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. పుల్ల తలకు ఒక మందు, పెట్టె పక్కన పూతలో భాస్వరం. రెండూ విడివిడిగా ఉన్నంత వరకు భయం లేదు, రాసుకుంటేనే నిప్పు. లిథియం బ్యాటరీలో కూడా రెండు రేకులుంటాయి. వాటి మధ్య తలవెంట్రుక కంటే పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఆ పొరను తడిపి ఉంచే ద్రవం పెట్రోలులాగా మండే గుణం కలది. వేడి మితిమీరితే పొర కరుగుతుంది, రేకులు తగులుకుంటాయి. దాంతో మరింత వేడి పుట్టి పక్క సెల్లుకు పాకుతుంది. ఇక దాన్ని ఆపడం కష్టం.

అందుకే ఈ బ్యాటరీలను సాధారణంగా 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదంటారు. గాలి వేడి 41 డిగ్రీలే కదా అనుకోకండి. ఎండలో పెట్టిన బ్యాటరీ, తలుపులు మూసిన వ్యానులో ఉన్న బ్యాటరీ గాలి కంటే చాలా ఎక్కువ కాగుతాయి. పైగా మందు కొట్టి దిగిన డ్రోన్ బ్యాటరీ అప్పటికే లోపల కాగి ఉంటుంది.

చిక్కంతా అక్కడే ఉంది. ఒక బ్యాటరీ పది, పదిహేను నిమిషాలకు మించి రాదు. ఇంకా నాలుగెకరాలు మిగిలి ఉంటుంది, రైతు తొందరపడుతుంటాడు. దిగిన బ్యాటరీని దిగినట్టే ఛార్జరుకు తగిలించేస్తారు. అలా చేయవద్దు. నీడలో, గాలి తగిలే చోట ఆరనివ్వండి. చేత్తో తాకితే వెచ్చదనం తెలియకుండా ఉన్నప్పుడే ఛార్జింగ్ పెట్టండి. తొందరగా చల్లబడాలని నీళ్ళలో ముంచకండి, ఐసు పెట్టకండి. పని తెల్లవారుజామున, సాయంత్రం పెట్టుకుంటే మందు ఆవిరైపోదు, బ్యాటరీ కూడా మన్నుతుంది.

తర్వాత కరెంటు సంగతి. 16,000 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీకి 16 ఆంపియర్లకు మించి ఎక్కించకపోవడం మంచి పద్ధతి. తయారీదారు అంతకంటే తక్కువ చెబితే దాన్నే పాటించండి. ఒక్కొక్క సెల్లు 4.2 వోల్టులు దాటకూడదు. కాబట్టి అన్ని సెల్లులనూ సమంగా నింపే అసలు ఛార్జరునే వాడండి. 2,000 వాట్ల ఛార్జరు గోడ ప్లగ్గు నుంచి సుమారు 9 ఆంపియర్లు లాగుతుంది. లైట్లకు, ఫ్యాన్లకు పెట్టిన చిన్న ప్లగ్గు, పాత వైరు దానికి తట్టుకోవు. మోటారుకు వేసినట్టు పెద్ద ప్లగ్గు, మంచి వైరు వేయించుకోండి.

ఛార్జింగ్ పెట్టే చోటు పడకగది కాకూడదు. బయటికి వెళ్ళే దారికి, మెట్లకు అడ్డంగానూ ఉండకూడదు. సిమెంటు నేల మీద, గోనెసంచులు, గడ్డి, పురుగుమందు డబ్బాలు లేని చోట పెట్టండి. రాత్రి పెట్టి నిద్రపోవద్దు. మనిషి మేలుకొని ఉన్నప్పుడే ఛార్జింగ్.

నాలుగైదు రోజులు పని లేకపోతే బ్యాటరీని నిండుగా ఉంచవద్దు, పూర్తిగా ఖాళీగానూ ఉంచవద్దు. సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర ఉంచి చల్లని చోట పెట్టండి. ఉబ్బిన బ్యాటరీని, కింద పడి నొక్కుకుపోయిన బ్యాటరీని మళ్ళీ ఛార్జ్ చేయకండి. పిన్నుతో పొడిచి గాలి తీసే ప్రయత్నం అసలే వద్దు. పాత బ్యాటరీలను తిరిగి తీసుకునే బాధ్యత 2022 నాటి నిబంధనల ప్రకారం తయారీదారులదే. అమ్మినవారికి అప్పగించండి.

ఒకవేళ పొగ వస్తే? ముందు మనుషులు బయటికి రావాలి. ఆ పొగ విషం. అందితే మెయిన్ స్విచ్ ఆపండి. 101కి ఫోన్ చేయండి. ఇసుక చల్లితే మంట పక్కకు పాకదు గాని, లోపలి వేడి చావదు. కరెంటు తీసేశాక దూరం నుంచి ధారాళంగా నీళ్ళు పోస్తేనే చల్లబడుతుంది. ఆరిందనుకున్నది గంటల తర్వాత మళ్ళీ అంటుకోవచ్చు. దాన్ని ఇంట్లోకి తేకండి.

ఈ రోజు ఆగిన మందు రేపు తెల్లవారి కొట్టుకోవచ్చు. బ్యాటరీ పోతే ఇంకొకటి కొనుక్కోవచ్చు. చిన్న అల్లాపురంలో ఆ రాత్రి పోయినవాళ్ళు మాత్రం తిరిగి రారు. ఈ వేసవిలో ఛార్జరు ప్లగ్గు పెట్టేటప్పుడు ఈ మాట ఒక్కసారి గుర్తు చేసుకోండి.