నిప్పు నోట్లో పెట్టుకుని నాట్లేస్తున్న ఆడకూలీలు

ఉత్తరాంధ్ర పల్లెల్లో అడ్డపొగ అంటే ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. మిగతా జిల్లాల వారి కోసం చెప్పాలి. చుట్ట ముట్టించి, కాలే కొసను నోటి లోపల పెట్టుకుని పీలుస్తారు. నిప్పు లోపల, కాలని కొస బయట. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల్లో కూలికిపోయే ఆడవాళ్లు, చేపలమ్మేవాళ్లు, బట్టలుతికేవాళ్లు తరతరాలుగా ఇలాగే కాలుస్తున్నారు. మగవాళ్లూ లేకపోలేదు గానీ ఆడవాళ్లే ఎక్కువ. ఇప్పుడు వయసు మళ్లినవాళ్లలోనే ఎక్కువగా కనిపిస్తోంది.

పట్నం నుంచి వచ్చినవాళ్లకిది వింత. ఫొటో తీసుకుపోతారు. ఎందుకిలా కాలుస్తున్నారని అడిగేవాళ్లు తక్కువ.

అడిగితే కారణాలు చాలానే చెబుతారు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోతుంది, నోట్లో ఉంటే ఆరదు. నాట్లేసేటప్పుడు చేతులు రెండూ బురదలో ఉంటాయి, చుట్ట పట్టుకోడానికి చెయ్యేదీ? నుసి చీర మీద పడదు, చంకలో బిడ్డ మీద పడదు. నెమ్మదిగా కాలుతుంది కనక ఒక్క చుట్టే చాలాసేపు వస్తుంది. పంటి పోటు తగ్గుతుందనే నమ్మకం ఒకటి. అన్నిటికీ మించి, అమ్మ కాల్చింది, అత్త కాల్చింది. ఇంకో మాట కూడా అంటారు, చుట్ట నోట్లో ఉంటే ఆకలి తెలీదని. అది ఉత్త మాట కాదు. పొగాకులో ఉన్న నికొటిన్ నిజంగానే ఆకలిని అణుస్తుంది. పొద్దున్న చద్దన్నంతో మడిలో దిగి సందేళ దాకా నడుం వంచే మనిషికి చుట్ట సోకు కాదు, కూటికి బదులు. కూలి రేటు గురించి మాట్లాడకుండా చుట్ట మానమని చెప్పేవాళ్ల మాట ఎవరి చెవికీ ఎక్కనిది అందుకే.

అయితే దాని వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. మామూలుగా నోటి క్యాన్సరు నాలుక మీదో, బుగ్గ లోపలో వస్తుంది. అంగిట్లో, అంటే నోటి పైకప్పులో, రావడం అరుదు. అడ్డపొగ కాల్చే చోట మాత్రం అంగిలి క్యాన్సరు మామూలైపోయింది. పొగలోని విషానికి నిప్పు సెగ తోడై రోజూ ఒకేచోట తగులుతుంది మరి. ఇది నిన్న మొన్న తెలిసిన సంగతీ కాదు. శ్రీకాకుళం జిల్లాలో ఇల్లిల్లూ తిరిగి పదివేల మందికి పైగా నోళ్లు పరీక్షించిన సర్వే 1971లోనే అచ్చయింది. అప్పటి శ్రీకాకుళమంటే విజయనగరం జిల్లా ఏర్పడక ముందుది. యాభై ఏళ్లు దాటిపోయాయి.

ఈ రోగం చెప్పకుండా రాదు. ముందు అంగిలి తెల్లబారుతుంది. ఆ తెలుపు మీద ఎర్రటి చుక్కలు లేస్తాయి. తర్వాత మచ్చలు, పుళ్లు. నొప్పుండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. రెండు మూడు వారాలైనా మానని పుండు, గడ్డ, రక్తం కనిపిస్తే ఆలస్యం చెయ్యకూడదు. ముదిరాక పైకప్పు కోసి తియ్యాల్సి వస్తే నోటికీ ముక్కుకీ మధ్య కంత పడుతుంది. తాగిన గంజి ముక్కులోంచి వస్తుంది, మాట ముద్దగా మారుతుంది. కంతకి పలక అమర్చే వైద్యం ఉంది. అయితే దానికి పట్నం చుట్టూ తిరగాలి, తిరిగిన ప్రతిరోజూ కూలి పోతుంది.

మాన్పించలేమా? మాన్పించగలమని రుజువైంది. టాటా పరిశోధనా సంస్థ వాళ్లు శ్రీకాకుళం, కేరళలో ఎర్నాకుళం, గుజరాత్‌లో భావ్‌నగర్ జిల్లాల్లో పొగాకు అలవాటున్న 36,000 మందికి ఏళ్ల తరబడి నచ్చచెప్పారు, నోళ్లు పరీక్షించారు. ఫలితాలు 1986లో వెలువడ్డాయి. ఊరికే వదిలేసిన వాళ్లకంటే నచ్చచెప్పిన వాళ్లలో ఎక్కువమంది మానేశారు, క్యాన్సరుకి దారి తీసే తెల్లమచ్చలు తగ్గాయి. ఇంటికొచ్చి మర్యాదగా చెప్పే మనిషుంటే జనం వింటారు. ఆ మనుషుల్ని పెట్టాల్సింది ప్రభుత్వం.

ప్రభుత్వం చేసిందేమిటి? 2003లో పొగాకు చట్టం వచ్చింది. 2009 నుంచి పెట్టెల మీద బొమ్మలొచ్చాయి, 2016 నుంచి పెట్టెలో 85 శాతం బొమ్మే. మంచిదే. మరి విడిగా ఆకు కొనుక్కుని ఇంట్లో చుట్టుకునే చుట్టకి పెట్టేది? ఆ బొమ్మ కూలిమనిషి కంటబడదు, అక్షరం చదవనూ లేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ పోరు ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధించక పాలకులకు తప్పలేదు. సారా మీద ఆడవాళ్లు కలిసి కదిలారు, ఎందుకంటే తాగొచ్చినవాడి దెబ్బలూ, మాయమైన కూలి డబ్బులూ అందరిళ్లలో ఒకటే. చుట్ట అలా కాదు. తగలబడేది తన నోరే. అరుపుండదు, గొడవుండదు, పంచాయితీ ఉండదు. అందుకే మన సంఘాలు కూడా దీన్ని చిన్న విషయంగా చూశాయి. ఈ నిర్లక్ష్యం మానుకోవాలి.

ముప్పై ఏళ్లు దాటిన వాళ్లందరికీ నోటి క్యాన్సరు పరీక్ష చెయ్యాలని ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. ఆశా కార్యకర్తా, ఏఎన్ఎమ్మూ చెయ్యాల్సిన పని. క్యాన్సరు వైద్యానికి 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన పథకమూ ఉంది. పేర్లు మారాయి గానీ హక్కు పోలేదు. కాగితం మీద ఉన్నది మడిగట్టు దాకా రావాలంటే అడగాలి. పొద్దున్న పదింటికి శిబిరం పెడితే నాట్లలో ఉన్న మనిషి ఎలా వస్తుంది? సందేళ, కూలి నుంచి తిరిగొచ్చాక, పేటలోనే పెట్టమనాలి. నోరు తెరిపించి టార్చిలైటుతో అంగిలి చూడటానికి రెండు నిమిషాలు చాలు. అనుమానమున్న వాళ్లని చీటీ రాసిచ్చి పంపేస్తే సరిపోదు. విశాఖ వెళ్లి రావడానికి బస్సు చార్జీ, ఆ రోజు కూలి కూడా ఇవ్వాలని వ్యవసాయ కార్మిక సంఘాలు మండలానికో అర్జీ పెట్టాలి, నాట్లు మొదలయ్యే లోపే.