మీకు తెలుసా? కోట సత్తెమ్మ నేల నుంచి వెండితెర అమ్మోరు దాకా

నిడదవోలు ఒకనాటి నిరవద్యపురం. రుద్రమదేవి భర్త వీరభద్రుడు ఇక్కడి చాళుక్య రాజకుమారుడే. పక్కనే తిమ్మరాజుపాలెంలో కొలువైన కోట సత్తెమ్మను, ఆనాటి కోటను కాచిన తల్లిగా జనం కొలుస్తారు.

ఊరిని కాచే అమ్మ అన్న ఈ నమ్మకాన్నే 1995లో 'అమ్మోరు' తెరకెక్కించింది. దర్శకుడు కోడి రామకృష్ణది గోదావరి సీమలోని పాలకొల్లే. తెలుగు తెరకు కంప్యూటర్ గ్రాఫిక్స్ ఇంకా కొత్తగా ఉన్న రోజులవి. అయినా ఆ సినిమా బలం గ్రాఫిక్స్‌లో కాదు, గ్రామదేవత చిన్నపిల్లగా భక్తురాలి ఇంట మెలగడంలో ఉంది. పసుపు, కుంకుమ, వేపాకు కనబడితే చాలు, ఇక్కడి ప్రేక్షకులకు ఎవరూ ఏమీ విడమరచి చెప్పక్కర్లేదు. ఇంగ్లీషులో సి.ఎస్. లూయిస్ 1950లో మొదలుపెట్టిన నార్నియా కథల్లో క్రీస్తు త్యాగాన్ని అస్లాన్ అనే సింహం చాటున చెప్పాడు. మన అమ్మోరికి అలాంటి చాటు అవసరం లేదు, సొంత పేరుతోనే వస్తుంది. నాకు ఈ పద్ధతే ఎక్కువ ఇష్టం.

2024లో నాగ్ అశ్విన్ తీసిన 'కల్కి 2898 ఏడీ' కూడా ఇలాగే పురాణ చిహ్నాలను సొంత పేర్లతోనే సైన్స్ ఫిక్షన్‌లోకి తెచ్చింది: కాశీ, శంబల, గాండీవం, అశ్వత్థామ నుదుటి మణి. భారతం సౌప్తిక పర్వంలో అశ్వత్థామకు పడిన శాపం 3,000 ఏళ్లు. సినిమాలో మాత్రం కురుక్షేత్రం ముగిసి దాదాపు 6,000 ఏళ్లయినా అతను కల్కి కోసం ఎదురుచూస్తూనే ఉంటాడు.