తెర మీద తోటి తల్లులు, ఒడిలో బిడ్డ: ఆన్‌లైన్ బృందాలతో తల్లీబిడ్డల బంధం బలపడుతుందా?

బిడ్డను చేతుల్లోకి తీసుకోగానే తల్లి మనసు ప్రేమతో నిండిపోతుందని అందరూ అనుకుంటారు. చాలామందికి అలాగే జరుగుతుంది. కొందరికి మాత్రం ఆ దగ్గరితనం రావడానికి వారాలు పడుతుంది. కుట్ల నొప్పి, నిద్రలేమి, పాలు చాలడం లేదేమోనన్న బెంగ, వీటన్నిటికీ తోడు ‘నేను మంచి తల్లిని కానేమో’ అన్న అపరాధ భావన. చూడటానికి వచ్చినవాళ్లు బిడ్డ బరువెంతని అడుగుతారు, ఎవరి పోలికో తేలుస్తారు. బాలింత మనసు ఎలా ఉందని అడిగేవాళ్లు తక్కువ.

ఇది అరుదైన సమస్య కాదు. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను, వాటిలోని 20,043 మంది తల్లుల వివరాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చింది. ప్రసవానంతర కుంగుబాటు దాదాపు 22 శాతం మందిలో ఉన్నట్టు అది అంచనా వేసింది. అంటే ప్రతి ఐదుగురు తల్లుల్లో ఒకరికి పైనే. వీరందరికీ మానసిక వైద్యుల సమయం దొరకడం కష్టం. అందుకే చాలామంది తల్లులకు ఒకేసారి, ఇంటి నుంచి కదలకుండా సాయం అందించే ఆన్‌లైన్ బృంద సమావేశాల మీద పరిశోధకులు దృష్టి పెట్టారు.

బంధం ఎలా అల్లుకుంటుంది?

అప్పుడే పుట్టిన బిడ్డకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నవి కాస్త స్పష్టంగా కనిపిస్తాయి. పాలిచ్చేటప్పుడు తల్లి ముఖం ఉండేది సుమారు అంతే దూరంలో. గొంతును గుర్తుపట్టడం ఇంకా ముందే మొదలవుతుంది. పుట్టి మూడు రోజులు కూడా నిండని పసికందులు పరాయి స్త్రీ గొంతు కన్నా తల్లి గొంతునే వినడానికి ఇష్టపడతారని డికాస్పర్, ఫైఫర్ అనే శాస్త్రవేత్తలు 1980లో చూపించారు.

ఆ పునాది మీద రోజూ చిన్న చిన్న ఇచ్చిపుచ్చుకోవడాలు జరుగుతాయి. బిడ్డ ‘ఊ’ కొడితే తల్లి మాట కలుపుతుంది, తల్లి నవ్వితే బిడ్డ కాళ్లు ఆడిస్తుంది. ఈ వరుస తెగితే ఏమవుతుందో అమెరికా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రానిక్ 1970లలో పరీక్షించారు. బిడ్డతో ఆడుతున్న తల్లి కాసేపు ఏ భావమూ లేని ముఖంతో ఉండాలి. బిడ్డ మొదట నవ్వి, చేతులు చాచి తల్లిని తిరిగి ఆటలోకి లాగాలని చూస్తుంది. అది ఫలించకపోతే ముఖం తిప్పుకుంటుంది, ఏడుస్తుంది.

దీన్ని తల్లిని తప్పుపట్టడానికి వాడకూడదు. మామూలు తల్లీబిడ్డల ఆటలో కూడా పొంతన కుదరని క్షణాలు ఎన్నో ఉంటాయని ట్రానిక్ బృందమే గమనించింది. తెగిన దారాన్ని మళ్లీ కలుపుకోవడమే ముఖ్యం. కుంగుబాటు దెబ్బతీసేది ఆ ఓపికను. కాబట్టి తల్లికి తోడు దొరికితే ఆ మేలు బిడ్డకూ అందుతుంది.

తెర ఎవరి మధ్య ఉండాలి?

ఫోన్ తెర మనుషుల్ని దూరం చేస్తుందంటారు కదా, అది బంధాన్ని ఎలా పెంచుతుంది? ఇక్కడ ఒక పాత ప్రయోగం గుర్తుకు తెచ్చుకోవాలి. 1985లో లిన్ మరే, కాల్విన్ ట్రెవార్తెన్ తల్లినీ బిడ్డనూ వేర్వేరు గదుల్లో ఉంచి టీవీ తెరల ద్వారా మాట్లాడించారు. తల్లి అప్పటికప్పుడు స్పందిస్తున్నంతసేపు శిశువులు హుషారుగా ఉన్నారు. ముందే రికార్డు చేసిన ఆమె నవ్వులనే మళ్లీ చూపించినప్పుడు చిన్నబోయారు. తర్వాతి ప్రయోగాల్లో ఫలితాలు అన్నిచోట్లా ఒకేలా రాలేదు. అయినా శిశువుకు కావలసింది తన చేష్టకు వెంటనే వచ్చే జవాబు అన్న ఆలోచన నిలిచింది.

ఆన్‌లైన్ బృందాల అమరికలో ఆ జవాబుకు అడ్డు లేదు. తెర ఉండేది తల్లికీ తోటి తల్లులకీ మధ్య. బిడ్డ ఉండేది ఒడిలోనే.

ఒక్క రోజు శిక్షణ

కెనడాలోని ఒంటారియోలో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన ర్యాన్ వాన్ లీషౌట్ బృందం కొవిడ్ కాలంలో ఒక ప్రయోగం చేసింది. ఏడాదిలోపు బిడ్డలున్న, కుంగుబాటు లక్షణాలున్న 403 మంది తల్లులను లాటరీ పద్ధతిలో రెండు బృందాలు చేశారు. ఒక బృందానికి మామూలు వైద్యంతో పాటు ఒక్క రోజు ఆన్‌లైన్ వర్క్‌షాప్ ఇచ్చారు. రెండో బృందానికి మామూలు వైద్యం మాత్రమే.

వర్క్‌షాప్‌లో నేర్పింది ఆలోచనల్ని పరీక్షించుకోవడం. ‘పాప ఏడుపు ఆపడం లేదు, నాకు పెంచడం చేతకాదు’ అనిపించినప్పుడు దానికి ఆధారమేమిటి, వేరే కారణం ఉండొచ్చా అని తనను తాను అడగడం లాంటిదన్నమాట. బృందంలో ఇదే పని చేసినప్పుడు ఇంకో లాభముంది. అలాంటి ఆలోచనే మరో తల్లి నోట విన్నప్పుడు, అది తన ఒక్కదాని లోపం కాదని తెలుస్తుంది.

30 మార్కుల ఎడిన్‌బరో ప్రశ్నావళిలో వర్క్‌షాప్‌కు హాజరైన తల్లుల సగటు స్కోరు 12 వారాల్లో దాదాపు 16.5 నుంచి 11.7కు తగ్గింది. రెండో బృందంలో మార్పు ఇంతకన్నా తక్కువ. బిడ్డతో అనుబంధం మెరుగైందని, బిడ్డ గురించిన ఆందోళన తగ్గిందని కూడా తేలింది. 2021లో జామా సైకియాట్రీ పత్రికలో ఈ వివరాలు వచ్చాయి. ఒక పరిమితి ఉంది. ఇవి తల్లులు తామే చెప్పిన జవాబులు. తల్లీబిడ్డలు ఆడుకుంటుండగా పరిశీలించి వేసిన మార్కులు కావు.

పాట కలుస్తుంది, గొంతులు కలవవు

బ్రిటన్‌లో మరో దారి ఎంచుకున్నారు, పాట. డెయిజీ ఫాన్‌కోర్ట్, రోజీ పెర్కిన్స్ 2018లో ప్రచురించిన అధ్యయనంలో 134 మంది తల్లులు పాల్గొన్నారు. పది వారాల పాటు బిడ్డలతో కలిసి బృందంగా పాడినవారిలో, ఓ మోస్తరు నుంచి తీవ్రమైన లక్షణాలున్న తల్లులు మామూలు వైద్యం పొందినవారి కన్నా త్వరగా తేరుకున్నారు.

కొవిడ్ వచ్చాక ఈ పాటల తరగతి ఆన్‌లైన్‌కు మారింది. అక్కడ భౌతికశాస్త్రం అడ్డొచ్చింది. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు వెళుతుంది. పది మీటర్ల దూరంలో పాడేవారి గొంతు చేరడానికి 30 మిల్లీసెకన్లు పడుతుంది. అది దాటితే తాళం కలపడం కష్టమవుతూ వస్తుంది. వీడియో కాల్‌లో ఆలస్యం తరచూ 100 మిల్లీసెకన్లు దాటుతుంది. అంటే తోటి గాయని 34 మీటర్ల అవతల నిలబడి పాడినట్టు. అందుకే ఇలాంటి తరగతుల్లో అందరూ మైకు ఆపుకొని, పాడించేవారి గొంతుతో కలిసి పాడతారు. తల్లి పాట తోటి తల్లులకు వినిపించదు, ఒడిలోని బిడ్డకు మాత్రం వినిపిస్తుంది.

ఆరు వారాలు సాగిన ఈ ఆన్‌లైన్ పాటల కార్యక్రమంలో 37 మంది తల్లుల కుంగుబాటు లక్షణాలు గణనీయంగా తగ్గాయని 2023లో ప్రచురితమైంది. పోల్చడానికి మరో బృందం లేదు కాబట్టి ఆ మేలంతా పాటదేనని చెప్పలేం.

మన దగ్గర సాధ్యమేనా?

బృందం బలం మన దేశానికి కొత్త కాదు. జార్ఖండ్, ఒడిశా పల్లెల్లో ‘ఏక్‌జుట్’ సంస్థ నెలనెలా మహిళా సమావేశాలు నడిపింది. ఆ ప్రాంతాల్లో నవజాత శిశు మరణాలు 32 శాతం తక్కువగా నమోదయ్యాయని 2010లో లాన్సెట్ ప్రచురించింది. కుంగుబాటు విషయంలో మొత్తం మీద స్పష్టమైన తేడా లేకపోయినా, మూడో ఏడాది నాటికి ఓ మోస్తరు కుంగుబాటు 57 శాతం తగ్గింది. అయితే అవి చెట్టు కిందో అరుగు మీదో ఎదురెదురుగా కూర్చుని జరుపుకున్న సమావేశాలు.

వాటిని ఫోన్‌లోకి తేవాలంటే ముందు ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉందో చూడాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు దేశంలో మూడింట ఒక వంతే. ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. ఈ లెక్కలు 2019-21 నాటివి, ఆ తర్వాత వాడకం పెరిగింది. అయినా ఇంట్లో ఒకే స్మార్ట్‌ఫోన్ ఉండి, పక్క మంచం మీద అత్తగారు వింటుంటే బాలింత మనసు విప్పి మాట్లాడటం కష్టమే. ఆన్‌లైన్ బృందం పెట్టేవారు సమయంతో పాటు ఆ ఏకాంతాన్నీ ఆలోచించాలి. పురుడు పోయడానికి అమ్మ రాలేని దూరదేశపు తెలుగు తల్లులకు మాత్రం సొంత భాషలో సాగే ఇలాంటి బృందం వెంటనే అక్కరకు వస్తుంది.

బృందం సరిపోని సందర్భాలూ ఉన్నాయి. చనిపోవాలనిపించడం, బిడ్డకు హాని చేయాలన్న ఆలోచనలు రావడం, ఎవరూ లేకుండానే మాటలు వినిపించడం, నిద్ర లేకుండా విపరీతంగా తిరగడం కనిపిస్తే ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బెంగళూరులోని నిమ్‌హాన్స్‌లో తల్లినీ బిడ్డనూ విడదీయకుండా చేర్చుకునే ప్రత్యేక విభాగం ఉంది. ప్రభుత్వ ‘టెలి మానస్’ సేవకు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. దానికి స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు.

మన టీకాల పట్టిక ప్రకారం 6, 10, 14 వారాలకు తల్లి బిడ్డను ఎత్తుకుని ఎలాగూ ఆరోగ్య కేంద్రానికి వస్తుంది. ఎడిన్‌బరో ప్రశ్నావళిలో ఉన్నవి పదే ప్రశ్నలు, పూర్తి చేయడానికి ఐదు నిమిషాలు చాలు. బిడ్డ బరువు తూచే ఆ వేళలోనే తల్లినీ నాలుగు మాటలు అడిగితే, ఎవరికి తోటి తల్లుల బృందం చాలో, ఎవరికి వైద్యుడు కావాలో అక్కడే తేలుతుంది.