గరాజ్‌లో పుట్టిన గిటారు యాంప్లిఫయర్

ట్రాన్సిస్టర్లు వచ్చాక వాల్వుల కథ ముగిసిపోయిందని మనలో చాలామంది అనుకుంటారు. మన ఇళ్ళలో ఆ కథ నిజంగానే ముగిసింది. స్విచ్ వేశాక కాసేపు వేడెక్కి, ఆ తరవాత మెల్లగా గొంతు విప్పే పెద్ద రేడియోలు ఇప్పుడు జ్ఞాపకాల్లోనే ఉన్నాయి. కానీ ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాళ్ళు మాత్రం వాల్వుని వదల్లేదు. అమెరికాలో ట్యూబులని పిలిచే ఈ గాజుబుడ్లు ఈనాటికీ రష్యా, స్లొవాకియా, చైనా దేశాల్లో తయారవుతున్నాయి.

మూడు వాల్వులు, నాలుగు చెక్కపలకలతో అలాంటి యాంప్లిఫయర్ ఒకటి మా మనవరాలూ నేనూ కలిసి 2023 చలికాలంలో ఇంట్లోనే తయారుచేశాం. ఆసక్తి ఉన్న కుటుంబాలకి పనికొస్తుందని ఆ వివరాలు ఇక్కడ రాస్తున్నాను.

ఎందుకు మొదలుపెట్టాం?

మనవరాలు మూడేళ్ళుగా గిటారు నేర్చుకుంటోంది. యాంప్లిఫయర్ కావాలంది. కొట్టుకి వెళ్ళి కొనివ్వడం పెద్ద పనేం కాదు. కానీ, "అసలు దాన్లో ఏముంటుంది తాతయ్యా?" అని అడిగింది. ఆ ప్రశ్నకి జవాబు నాకు కొంత తెలుసు. తెనాలిలో మా బాబాయికి రేడియోలు బాగుచేసే షాపు ఉండేది. సెలవులకి వెళ్ళినప్పుడు వాల్వులు తుడిచి అందివ్వడం నా పని. మరుసటి ఏడాది పిల్ల కాలేజీకి వెళ్ళిపోతుంది. నాకు తెలిసిన ఆ కాస్తా అందించడానికి మిగిలింది ఆ ఒక్క చలికాలమే.

మా అమ్మాయి ఒక షరతు పెట్టింది. "నాన్నా, కరెంటు ఉన్నంతసేపూ నువ్వు దాని పక్కనే ఉండాలి. లేకపోతే ఈ పని వద్దు." ఆ మాట న్యాయమైనదే. ఈ పెట్టెలో దాదాపు 340 వోల్టుల డి.సి. కరెంటు ఉంటుంది. మనిషి ప్రాణం తీయడానికి అది చాలు.

మూడు వాల్వులు, మూడు పనులు

కాలిఫోర్నియా రాష్ట్రం ఫుల్లర్టన్‌లో 1938లో లియో ఫెండర్ అనే ఆయన రేడియో రిపేరు షాపు పెట్టారు. ఆయనకి గిటారు వాయించడం రాదు. వాయించేవాళ్ళకి ఏం కావాలో మాత్రం అడిగి తెలుసుకునేవారు. ఆయన కంపెనీ 1950ల చివర్లో తయారుచేసిన చాంప్ అనే చిన్న యాంప్లిఫయర్ సర్క్యూట్ నేర్చుకునేవాళ్ళకి ఓనమాల్లాంటిది. మేం ఎంచుకున్నది అదే. దాని శక్తి సుమారు 5 వాట్లు. ఇంట్లోవాళ్ళు చెవులు మూసుకోవడానికి అది ఎక్కువే!

ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే ఎ.సి. కరెంటుని 5వై3 అనే వాల్వు డి.సి.గా మారుస్తుంది. గిటారు నుంచి వచ్చే సన్నని సంకేతం వోల్టులో ఒక చిన్న భాగం మాత్రమే. దాన్ని 12ఎఎక్స్7 అనే వాల్వు రెండు దశల్లో పెంచుతుంది. ఆ రెండు దశల మధ్య వాల్యూమ్ మీట ఉంటుంది. చివరగా 6వి6 అనే వాల్వు స్పీకరుని నడిపే బలాన్నిస్తుంది. వాల్యూమ్ బాగా పెంచినప్పుడు వాల్వు ధ్వని తరంగాల కొనల్ని ఒక్కసారిగా తెగ్గొట్టకుండా గుండ్రంగా నొక్కుతుంది. గిటారువాళ్ళు ఇష్టపడే ఆ కాస్త గరుకు కంఠం అలాగే వస్తుంది.

మనవరాలు సర్క్యూట్ బొమ్మని పెద్ద కాగితం మీద గీసుకుంది. ఒక్కో అతుకూ సోల్డరింగ్ అయ్యాక ఎర్ర పెన్సిలుతో ఆ గీత దిద్దేది. బొమ్మంతా ఎర్రబడడానికి మాకు నాలుగు శనివారాలు పట్టింది.

చెక్క పని

పెట్టెకి ముప్పావు అంగుళం మందం ఉన్న పైన్ చెక్క తెచ్చాం. ఆ పాత యాంప్లిఫయర్లకీ పైన్ చెక్కే వాడేవారు. అది తేలిక, పైగా స్పీకరుతో పాటు తనూ కాస్త అదురుతుంది. మూలల్లో, రెండు చేతుల వేళ్ళు ఒకదానిలో ఒకటి చొప్పించినట్టు అతుకులు కోసి జిగురు పెట్టాం. మిచిగన్ చలికి గరాజ్‌లో జిగురు సరిగా పట్టదు కాబట్టి, ఆ రాత్రి పెట్టెని వంటింట్లోకి తెచ్చి బిగించి ఉంచాం. ముందు పలకలో 8 అంగుళాల స్పీకరుకి గుండ్రంగా రంధ్రం కోశాం. వెనక సగం తెరిచే ఉంచాలి. వాల్వుల వేడి పోవాలి, స్పీకరు వెనకవైపు ధ్వని కూడా గదిలోకి రావాలి.

స్విచ్ వేసే ముందు

మన ఊళ్ళలో ఎలక్ట్రీషియన్లు వాడే సిరీస్ బల్బు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పాతరకం 100 వాట్ల ఫిలమెంట్ బల్బు వెతికి తెచ్చి, యాంప్లిఫయర్‌కి వరసలో కలిపాం. ఎల్.ఇ.డి. బల్బు ఈ పనికి పనికిరాదు. లోపల ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతూనే ఉంటుంది. మాది ఒక్కసారి వెలిగి, మెల్లగా మసకబారింది. తరవాత బల్బు తీసేసి నేరుగా కరెంటిచ్చాం.

"వోల్టులు నేను చూస్తాను" అంది మనవరాలు. బాబాయి నాకు నేర్పిన మాటే తనకి చెప్పాను: "ఒక చెయ్యి జేబులో పెట్టుకో." రెండు చేతులూ లోపల పెడితే కరెంటు ఒక చేతిలోంచి ఇంకో చేతికి గుండె మీదుగా పోతుంది. ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని తనే మీటరు ముల్లు ఆనించింది. 338. ఆ అర నిమిషం నేను ఊపిరి బిగబట్టే నిలబడ్డాను.

ప్లగ్గు పీకేసినా కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉండిపోవచ్చు. రెసిస్టరు ద్వారా దాన్ని ఖాళీ చేసి, మీటరు సున్నాకి వచ్చిందని చూశాకే చెయ్యి పెట్టాలి. స్పీకరు తగిలించకుండా ఆన్ చెయ్యకూడదు, ట్రాన్స్‌ఫార్మర్ పాడవుతుంది. 1950లనాటి బొమ్మల్లో రెండు తీగల ప్లగ్గే ఉంటుంది. మీరు మాత్రం మూడు తీగలది వాడి, ఎర్త్ తీగని ఇనప పెట్టెకి గట్టిగా బిగించండి.

మన సంగీతానికి దూరమా?

ఇదంతా పాశ్చాత్యుల వ్యవహారం, మనకెందుకనుకోకండి. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ యు. శ్రీనివాస్ (1969-2014) జంట తీగల స్థానంలో ఒంటి తీగలు వేసి, ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించారు. గమకం పలకాలంటే నాదం నిలవాలి. మామూలు మాండలిన్ మీద మీటిన స్వరం వెంటనే ఆరిపోతుంది. ఆ నిలకడ యాంప్లిఫయర్ సాయంతో వచ్చింది. మా మనవరాలు ఇప్పుడు అమ్మమ్మ కోరిక మీద మోహన రాగం స్వరాలు కూడా సాధన చేస్తోంది.

విడిభాగాలన్నీ కిట్టుగా దొరుకుతున్నాయి. వాల్వుల గురించి తెలిసిన పెద్దలు మన సభ్యుల్లో ఇంకా చాలామంది ఉన్నారు. మీ ఇంట్లో గిటారు వాయించే పిల్లలుంటే వాళ్ళని ఆ పెద్దల దగ్గరికి తీసుకెళ్ళండి. పెద్దలూ, పిల్లలు అడిగేదాకా ఆగకండి. ఈ పని ఇద్దరూ ఒకే బల్ల ముందు కూర్చుంటేనే వస్తుంది.