స్టార్లు చూసి వెళ్లినా వాంతులేనా?

"సిస్టరమ్మగారూ, ఫోనులో అందరూ బాగుందనే రాశారండీ, అందుకే ఆ హోటలుకు వెళ్లాం!" వాంతులు, విరేచనాలతో సెలైను ఎక్కించుకుంటూ కొందరు మాతో అనే మాట ఇది. రాసినవారు అబద్ధమాడలేదు. వారు చూసింది రుచి, వడ్డన, టేబుళ్ల శుభ్రత. వంటగదిలోకి తొంగిచూసినవారు ఎవరు?

అలాగని ఆ రాతలు పనికిరానివి కావు. న్యూయార్క్ నగర ఆరోగ్యశాఖ 2012-13లో యెల్ప్ అనే వెబ్‌సైటులోని సుమారు 2,94,000 అభిప్రాయాలను కంప్యూటరుతో జల్లెడ పట్టించింది. తిని జబ్బుపడ్డామని చెప్పినవి 468 తేలాయి. వాటిలో అధికారులకు ఫిర్యాదుగా అందినవి నూటికి మూడే! అంతవరకు ఎవరికీ తెలియని మూడు సామూహిక అస్వస్థత సంఘటనలు అలా బయటపడ్డాయి.

కనుక స్టార్లు లెక్కపెట్టకండి. ఒక్క స్టారు ఇచ్చినవారు ఏమి రాశారో చదవండి. "ఉప్పు తక్కువ" అన్నది వదిలేయండి. "తిన్నాక వాంతులయ్యాయి" అని ఇద్దరు ముగ్గురు రాస్తే మాత్రం ఆగండి.

ఇక్కడొక చిక్కుంది. మనం చివరగా తిన్నదానిమీదే నేరం మోపుతాం. స్టెఫిలోకాకస్ విషమైతే కొద్ది గంటల్లోనే వాంతులు. సాల్మొనెల్లాకు 6 గంటల నుండి 6 రోజులు. కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎకు సుమారు నాలుగు వారాలు. పాపం, నిన్నటి హోటలు నిర్దోషి కావచ్చు!

మీకే జరిగితే ఫోనులో తిట్టి ఊరుకోకండి. ఎప్పుడు, ఏమి తిన్నారు, ఎందరికి వచ్చింది, హోటలులో కనిపించే 14 అంకెల ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. నంబరు ఏమిటి, ఇవన్నీ కాగితం మీద రాసి ఫుడ్ సేఫ్టీ అధికారికి ఇవ్వండి. ఆసుపత్రికి వస్తే అదే కాగితం డాక్టరుగారికీ చూపించండి.