అడిగినవాళ్లను లోపలికి రమ్మన్న ఊరు

1940–41 చలికాలం. ఫ్రాన్స్ దక్షిణాన కొండల మీద ఉన్న ల షాంబో అనే ఊళ్లో పాస్టర్ ఇంటి తలుపు ఎవరో తట్టారు. పాస్టర్ భార్య మాగ్డా ట్రోక్మె వెళ్లి తీసింది. ఎదురుగా మంచుకు తడిసి వణుకుతున్న ఒక స్త్రీ. నాజీల బారి నుంచి తప్పించుకొచ్చిన యూదురాలు. లోపలికి రావచ్చా అని అడిగితే మాగ్డా రమ్మంది. మర్నాడు ఆమెకు కాగితాలేమైనా ఇప్పించమని మేయర్ దగ్గరికి వెళ్తే ఆయన ససేమిరా అన్నాడు. పరాయి దేశపు యూదుల్ని చేరదీస్తే అందరికీ చేటు, వెంటనే పంపించెయ్యమన్నాడు.

మేయర్ క్రూరుడేమీ కాదు. భయపడ్డాడు. ఫ్రాన్స్ జర్మనీకి లొంగిపోయిన రోజులవి. జర్మనీకి సహకరించిన విషీ అనే ఫ్రెంచ్ ప్రభుత్వం అప్పటికే పరాయి దేశపు యూదుల్ని పట్టి నిర్బంధిస్తోంది; 1942 నుంచి జర్మన్లకు అప్పగించసాగింది. అయినా ఆ ఊరూ, చుట్టుపక్కల పల్లెలూ కలిసి యుద్ధం ముగిసేలోపు 3,000 నుంచి 5,000 మంది శరణార్థులకు నీడనిచ్చాయని అంచనా. వారిలో ఎక్కువమంది యూదులు, అందులోనూ చాలామంది పిల్లలు.

అంతమందికి అంత ధైర్యం ఎక్కడిది?

ఒక కారణం పాతది. కేథలిక్కుల దేశంలో ఆ కొండప్రాంతం వాళ్లు ప్రొటెస్టెంట్లు. 1685లో పద్నాలుగో లూయీ వాళ్ల మతాన్ని నిషేధించాక తాతముత్తాతలు దాక్కుని ప్రార్థనలు చేసుకున్నారు, జైళ్లకు వెళ్లారు. తరుముకొస్తున్న సర్కారు ఎలా ఉంటుందో తరతరాలుగా ఇళ్లలో చెప్పుకున్న కథే. ఇక లొంగుబాటు ఒప్పందం కుదిరిన మర్నాడే, 1940 జూన్ 23న, పాస్టర్ ఆంద్రె ట్రోక్మె, ఆయన సహచరుడు ఎడ్వార్ టైస్ చర్చిలో చెప్పేశారు: బలవంతానికి ఆత్మబలంతో ఎదురు నిలవాలని. అంటే పోలీసులు వచ్చేసరికే ఊరు ఒక మాట అనుకుని ఉంది.

రెండో కారణం చాలా మామూలుది. ఆ ఊరు వేసవి విడిది. బస గృహాలు, పిల్లల హాస్టళ్లు, చిన్న రైలు ఎప్పటినుంచో ఉన్నాయి. కొత్త ముఖం కనిపిస్తే ఎవరూ వింతగా చూడరు. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు, స్విస్ సహాయ సంఘం పిల్లల ఖర్చు భరించేవారు. దొంగ గుర్తింపు కాగితాలు తయారుచేసేవాళ్లు ఊళ్లోనే ఉండేవారు. పోలీసులు వస్తున్నారని తెలిస్తే పిల్లలు పొలాల్లోకి, అడవిలోకి వెళ్లిపోయేవారు. దయ ఉంటే సరిపోదు, దానికి మంచాలు కావాలి, రొట్టె కావాలి, ముందుగా కబురందించే మనిషి కావాలి.

1942 ఆగస్టులో పోలీసులు బస్సులు వేసుకొచ్చి యూదుల జాబితా అడిగారు. పాస్టర్ ఇవ్వనన్నాడు. రోజుల తరబడి వెతికినా బస్సులు దాదాపు ఖాళీగానే తిరిగి వెళ్లాయి. 1943 ఫిబ్రవరిలో ఆయన్ను అరెస్టు చేయడానికి వచ్చినప్పుడు భోజనాల వేళ అయింది. మాగ్డా ఆ పోలీసుల్ని కూడా కూర్చుని తినమంది. కాకా పట్టడమని ఎవరైనా దెప్పవచ్చు. ఇంటికొచ్చిన మనిషికి పెట్టడం ఆమెకు అలవాటు, ఆ మనిషి ఎవరన్నది ఆ అలవాటును మార్చలేదు.

అందరూ బతికి బయటపడలేదు. 1943 జూన్‌లో నాజీల రహస్య పోలీసు దళం గెస్టపో ఒక విద్యార్థుల హాస్టల్ మీద పడి విద్యార్థుల్ని పట్టుకుపోయింది. దాన్ని నడిపిన డానియెల్ ట్రోక్మె, పాస్టర్‌కు బంధువు, వాళ్లను విడిచి రాక పట్టుబడి, 1944లో మాయ్‌దానెక్ శిబిరంలో చనిపోయాడు. ప్రేమకు రక్షణ కవచం ఏదీ ఉండదు.

యూదుల్ని కాపాడిన వందల మందితో శామ్యూల్, పెర్ల్ ఓలినర్ దంపతులు తర్వాత మాట్లాడి 1988లో పుస్తకం వేశారు. వారికి కనిపించినదొకటి ఆలోచించదగ్గది: చాలామంది తమంతట తాము బయలుదేరలేదు. ఎవరో వచ్చి అడిగితే సరేనన్నారు. అడిగేవాళ్లు కూడా కనిపించిన ప్రతి గడపా ఎక్కరు, కాదనరని నమ్మకం ఉన్న చోటికే వెళ్తారు. ఆ నమ్మకం విపత్తు రోజున పుట్టదు. పక్కింటికి కష్టమొచ్చినప్పుడు మనమేం చేశామో, ఊరు ఎవరినైనా ఎగతాళి చేస్తున్నప్పుడు మనం ఎటువైపు నిలబడ్డామో చూసినవాళ్లు ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటారు. చీకటి రోజుల్లో ప్రేమను ఎంచుకోవాలనుకునేవాళ్లు ఇప్పుడు చేయగలిగింది అదే: తమను సాయం అడగవచ్చని నలుగురికీ తెలిసేలా బతకడం.