పాత అల్యూమినియం పడవలో వైర్ల చిక్కు: ఎందుకు? ఎలా?

అమెరికాలో సరస్సుల దగ్గర స్థిరపడి, చేపలు పట్టే సరదా పెంచుకున్న కుటుంబాలు ముందుగా వాడిన అల్యూమినియం పడవ కొనుక్కోవడం మామూలే. ధర అందుబాటులో ఉంటుంది, రేకు గట్టిగా ఉంటుంది, మామూలు కారు వెనక ట్రెయిలర్‌ మీద లాక్కెళ్లొచ్చు. ఇంటికి తెచ్చి డాష్‌ కింద తల పెట్టి చూసినప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో తెలియని వైర్ల ముద్ద. ముందు లైటు వెలగదు, వెనక లైటు ఒక్కోసారి వెలుగుతుంది, పంపు స్విచ్చు నొక్కితే ఏ చప్పుడూ రాదు. అలాంటి పడవ కొన్నవాళ్లకు వచ్చే ప్రశ్నలివి.

ఇన్ని వైర్లు ఎందుకున్నాయి?

కంపెనీ వేసిన వైరింగు నిజానికి చాలా చిన్నది. పదహారు అడుగుల పడవకు ముందు లైటు, వెనక లైటు, అడుగున చేరే నీటిని తోడే బిల్జ్‌ పంపు, హారన్‌, ఇంధనం మీటరు, అంతే. మిగిలినదంతా తర్వాతి యజమానులు కలిపినది. ఒకరు చేపల జాడ చూపే సోనార్‌ పెట్టుకున్నారు, ఇంకొకరు చప్పుడు లేకుండా పడవను మెల్లగా కదిపే ట్రోలింగ్‌ మోటారు ముందు కొనకు బిగించారు. పరికరం మార్చిన ప్రతిసారీ కొత్త వైరు లాగారు గానీ పాతది తియ్యలేదు. కాబట్టి మీకు కనిపిస్తున్న వాటిలో చాలా వైర్లకు అసలు పనే లేకపోవచ్చు.

అయినా ఏదీ వెంటనే కత్తిరించకండి. పడవ వెనక భాగంలో కుడివైపు పన్నెండు అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తింపు సంఖ్య చెక్కి ఉంటుంది. 1972 నుంచి అమెరికాలో ఇది తప్పనిసరి. 1984 తర్వాతి పడవల్లో చివరి రెండు అంకెలు మోడల్‌ సంవత్సరాన్ని చెబుతాయి. ఆ సంఖ్యతో కంపెనీని అడిగితే వైరింగు పటం దొరికే అవకాశం ఉంది. అది దొరికితే ఏవి అసలు వైర్లో, ఏవి తర్వాత చేరినవో సగం తేలిపోతుంది.

పడవంతా లోహమే కదా, కారులోలాగా బాడీ ఎర్త్‌ ఇస్తే పోదా?

అల్యూమినియం పడవ కొన్నవాళ్లందరూ ముందుగా తెలుసుకోవలసింది ఇదే. కారులో, మోటారు సైకిలులో బ్యాటరీ మైనస్‌ను బాడీకి కలిపేస్తారు. లైటుకు ప్లస్‌ వైరు ఒక్కటి లాగితే చాలు, కరెంటు బాడీ గుండా తిరిగి వస్తుంది. పడవలో ఆ పని చెయ్యకూడదు. ప్రతి పరికరానికీ వెళ్లే వైరుతో పాటు తిరిగొచ్చే వైరు కూడా విడిగా ఉండాలి.

కారణం నీళ్లు. రేకులో కరెంటు పారుతుంటే ఒక చోటికీ ఇంకో చోటికీ మధ్య కొద్దిపాటి వోల్టేజీ తేడా ఏర్పడుతుంది. పడవ నీళ్లలో ఉంది కాబట్టి ఆ కరెంటులో కొంత నీటి గుండా కూడా దారి చేసుకుంటుంది. రేకును వదిలి నీళ్లలోకి దిగే చోట అల్యూమినియం తన ఎలక్ట్రాన్లను పోగొట్టుకుని అయాన్లుగా కరిగిపోతుంది. అక్కడ సన్నని గుంటలు పడతాయి, గుంటలు లోతై చివరికి చిల్లులవుతాయి. పడవ అడుగున నిలిచిన మురికి నీళ్లలో ప్లస్‌ జాయింటు మునిగి ఉంటే నష్టం మరీ వేగంగా జరుగుతుంది. బ్యాటరీ కలిపి ఉన్నంతసేపూ, మీరు ఇంట్లో నిద్రపోతున్నా, ఆ తినడం ఆగదు.

కరెంటు లేకపోయినా రాగికి, అల్యూమినియానికి పడదు. రెండూ తడిలో ఒకదాన్నొకటి తాకితే అరిగిపోయేది అల్యూమినియమే. వైరు చివరలు ఒలిచేటప్పుడు రాలిన రాగి ముక్కలను ఏరెయ్యాలి. ఇది అతి జాగ్రత్త కాదు, ఆ ముక్క కింద నిజంగానే గుంట పడుతుంది. పడవ నేల పలకలు మార్చేవాళ్లు కూడా ఈ మాట గుర్తుంచుకోవాలి. చెదలు పట్టకుండా మందు ఎక్కించిన ప్లైవుడ్‌లో ఉండేది రాగే. ఆ పలక తడిసి రేకును ఆనుకుని ఏళ్ల తరబడి ఉంటే పడవకు మంచి వైరింగు ఉండి కూడా ప్రయోజనం లేదు.

మల్టీమీటరు పెడితే బాడీకి, మైనస్‌కు సంబంధం ఉన్నట్టు చూపిస్తోంది. అది తప్పా?

తప్పు కాకపోవచ్చు. అవుట్‌బోర్డ్‌ ఇంజిన్‌ దిమ్మెకు బ్యాటరీ మైనస్‌ కలిసే ఉంటుంది. ఆ ఇంజినును బోల్టులతో వెనక రేకుకు బిగిస్తారు. అందువల్ల రేకు ఆ ఒక్క చోట మైనస్‌తో కలుస్తుంది. అలా కలవడంతో హాని లేదు, ఆ రేకునే కరెంటుకు తిరుగు దారిగా వాడటంతోనే హాని.

పరీక్ష ఇలా చెయ్యండి. ఇంజినుకు వెళ్లే మైనస్‌ కేబులును బ్యాటరీ దగ్గర విడదీసి పక్కకు పెట్టండి. మిగతా పరికరాలను ఒక్కొక్కటిగా ఆన్‌ చేస్తూ, మీటరు ఒక కొసను బ్యాటరీ ప్లస్‌కు, రెండోదాన్ని రంగు గీకిన రేకుకు తాకించండి. దాదాపు పన్నెండు వోల్టులు చూపిస్తే ఏదో పరికరం మైనస్‌ రేకుకు తగులుతున్నట్టు. తర్వాత మొదటి కొసను బ్యాటరీ మైనస్‌కు మార్చండి. ఇప్పుడు వోల్టులు కనిపిస్తే ప్లస్‌ వైపు నుంచి రేకులోకి కారుతున్నట్టు. ఇది మొదటిదానికంటే చాలా చెడ్డది, దీన్ని సరిచెయ్యకుండా పడవను నీళ్లలో దించకండి. మీటరు మరీ సున్నితమైనది కాబట్టి కొద్దిపాటి తేమకు కూడా ఒకటి రెండు వోల్టులు చూపించవచ్చు. అనుమానం ఉంటే మీటరు బదులు పన్నెండు వోల్టుల టెస్ట్‌ లాంపు పెట్టండి. అది వెలిగితే దోషం ఖాయం. దోషం ప్లస్‌ వైపు ఉంటే, ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోతే ఏ వైరుదో బయటపడుతుంది.

బ్యాటరీ విప్పేటప్పుడు ముందు మైనస్‌ తియ్యమనేది కూడా ఇందుకే. రేకు ఇంజిన్‌ గుండా మైనస్‌తో కలిసి ఉంది. ముందు ప్లస్‌ విప్పబోతే, చేతిలోని స్పానరు జారి రేకుకు తగిలిందంటే నేరుగా షార్టే. పక్కనే పెట్రోలు ట్యాంకు ఉంటుందని మరిచిపోకండి.

వైర్లను ఎక్కణ్ణుంచి పట్టుకుంటూ పోవాలి?

బ్యాటరీ నుంచి. చాలామంది వెలగని లైటు దగ్గర మొదలుపెడతారు, అందుకే చిక్కు విడిపోదు. కాగితం తీసుకుని బ్యాటరీ బొమ్మ గీయండి. ప్లస్‌ బోల్టు మీద ఎన్ని వైర్లున్నాయో లెక్కపెట్టి, ప్రతిదానికీ టేపు మీద నంబరు రాసి అంటించండి. అమెరికన్‌ బోట్‌ అండ్‌ యాచ్‌ కౌన్సిల్‌ ప్రమాణం ప్రకారం ప్లస్‌ నుంచి బయల్దేరే వైరుకు మామూలుగా ఏడు అంగుళాల లోపు ఫ్యూజు గానీ బ్రేకరు గానీ ఉండాలి. ఇంజినును స్టార్ట్‌ చేసే లావుపాటి కేబులుకు మాత్రం మినహాయింపు ఉంది. పాత పడవల్లో ఫ్యూజే లేని వైర్లు కనిపించడం అరుదు కాదు. అలాంటి వైరు మధ్యలో ఒరుసుకుని షార్టయితే బ్యాటరీ ఆపకుండా కరెంటు తోస్తుంది, వైరు ఎర్రగా కాలుతుంది. ముందుగా సరిచెయ్యవలసింది ఇదే.

ఆ తర్వాత ప్రతి వైరునూ ఫ్యూజు పెట్టె దాకా, స్విచ్చు దాకా, పరికరం దాకా పట్టుకుంటూ పొండి. అక్కడ ఆగకుండా పరికరం నుంచి బ్యాటరీ మైనస్‌ దాకా తిరుగు వైరును కూడా గీయండి. బొమ్మలో దారి వెనక్కి వచ్చి కలవకపోతే మీ తప్పు అక్కడే ఉంది.

రంగులు కొంత సాయం చేస్తాయి. అదే ప్రమాణం ప్రకారం ఎరుపు ప్లస్‌, నలుపు లేదా పసుపు మైనస్‌, ముదురు బూడిద రంగు నావిగేషన్‌ లైట్లకు, గోధుమ రంగు పంపుకు, గులాబీ ఇంధనం మీటరుకు, ఊదా ఇంజిన్‌ తాళానికి. అయితే పాత యజమాని చేతిలో ఏ వైరుంటే అదే వాడి ఉండొచ్చు కాబట్టి మీటరు చెప్పేవరకూ రంగును నమ్మకండి. ఇంజిన్‌ వైర్ల జోలికి వెళ్లేముందు మరీ జాగ్రత్త. మెర్క్యురీ ఇంజిన్లలో నలుపు మీద పసుపు చారున్న వైరు ఇంజినును ఆపేది, పసుపు మీద నలుపు చారున్నది చల్లని ఇంజిన్‌ స్టార్ట్‌ కావడానికి తోడ్పడే చోక్‌కు వెళ్లేది. రెండూ చూపుకు ఒకేలా ఉంటాయి. ఆపే వైరుకు బ్యాటరీ ప్లస్‌ తగిలించారంటే ఇంజినులోని ఇగ్నిషన్‌ పెట్టె మాడిపోవచ్చు.

లైటు దగ్గర పన్నెండు వోల్టులు వస్తున్నాయి. అయినా ఎందుకు వెలగదు?

పాత పడవలతో వేగేవాళ్లను బాగా తికమకపెట్టేది ఇదే. మీటరు తన లోపలికి దాదాపు కరెంటునే తీసుకోదు. చిలుము పట్టిన జాయింటులో ఒక్క పోగు తగిలి ఉన్నా మీటరు పూర్తి పన్నెండు చూపిస్తుంది. బల్బు అలా కాదు, దానికి కరెంటు పారాలి. పన్నెండు వాట్ల బల్బు ఒక ఆంపియరు తీసుకుంటుంది, అంటే దాని నిరోధం పన్నెండు ఓములు. చిలుము కూడా దారిలో మరో పన్నెండు ఓములు చేర్చిందంటే సగం వోల్టేజీ జాయింటు దగ్గరే పోతుంది. బల్బు మినుకుమంటుంది, లేదా అసలు వెలగదు.

అందుకే స్విచ్చు ఆన్‌లో, బల్బు హోల్డరులో ఉండగానే కొలవాలి. మీటరు ఒక కొసను బ్యాటరీ మైనస్‌కు, ఇంకో కొసను బల్బు మైనస్‌ వైరుకు పెట్టండి. తిరుగు దారి బాగుంటే సున్నాకు దగ్గరగా చూపిస్తుంది. మూడో నాలుగో వోల్టులు చూపిస్తే ఆ వోల్టులన్నీ తిరుగు దారిలోని చిలుము తినేసినవే. నా అనుభవంలో ప్లస్‌ కంటే మైనస్‌ వైపే దోషం ఎక్కువగా దొరుకుతుంది, ఎందుకంటే ప్లస్‌ వైపు అందరూ ఇప్పటికే చూసి ఉంటారు.

హారన్‌ నొక్కితే లైటు మసగ్గా వెలగడం వంటి వింతలకు కారణం కూడా తిరుగు దారే. రెండు పరికరాలకు ఉమ్మడిగా ఉన్న మైనస్‌ జాయింటు ఊడితే, ఒకదాని కరెంటు రెండోదాని గుండా తిరిగి వెళ్లడానికి చూస్తుంది. ఆ పరికరాలను మార్చి ప్రయోజనం లేదు, జాయింటు చూడండి.

ముందు, వెనక లైట్లకు ఒకే స్విచ్చు ఎలా పనిచేస్తుంది?

దానికి మూడు స్థానాలుంటాయి. మధ్యలో ఉంటే అంతా ఆఫ్‌. ఒక వైపు వేస్తే ముందు ఎరుపు-ఆకుపచ్చ లైటు, వెనక తెల్ల లైటు రెండూ వెలగాలి, చీకట్లో పడవ నడుస్తున్నప్పుడు ఇది. రెండో వైపు వేస్తే తెల్లది మాత్రమే, లంగరు వేసి ఉన్నప్పుడు. మామూలు రెండు స్థానాల స్విచ్చు తెచ్చి పెట్టేసినవాళ్లకు ఏదో ఒక లైటు ఎప్పుడూ సరిగా రాదు. వెనక లైటు కర్ర ఊడదీసి దాచుకునేది కాబట్టి ఆ సాకెట్టులో చిలుము ఎక్కువ. సన్నని బ్రష్షుతో రుద్ది చూస్తే చాలాసార్లు పనైపోతుంది.

వైరు ఎంత లావుండాలి, జాయింటు ఎలా వెయ్యాలి?

లైట్లకు, సోనార్‌కు పెద్ద లెక్క అక్కర్లేదు. ట్రోలింగ్‌ మోటారుకు మాత్రం లెక్క తప్పనిసరి. 55 పౌండ్ల తోపుడున్న పన్నెండు వోల్టుల మోటారు పూర్తి వేగంలో 50 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. వెనక ఉన్న బ్యాటరీ నుంచి ముందు కొనకు పదహారు అడుగులంటే రానూపోనూ ముప్ఫై రెండు. అమెరికా కొలతలో 10 నంబరు వైరు వేస్తే దారిలోనే దాదాపు 1.6 వోల్టులు పోతాయి, 80 వాట్ల వేడి వైరులోనే పుడుతుంది. అంతకంటే లావైన 6 నంబరుతో ఆ నష్టం 0.63 వోల్టులకు తగ్గుతుంది. ఈ మోటారుకు విడిగా డీప్‌ సైకిల్‌ బ్యాటరీ, ఆ బ్యాటరీ దగ్గరే బ్రేకరు పెట్టండి.

ఇంటి గోడల్లో వేసే ఒంటి తీగ వైరు పడవ అదురుకు విరిగిపోతుంది. తగరం పూత పూసిన పోగుల వైరే కొనండి, మామూలు రాగి పోగుల్లో తడి ఇన్సులేషన్‌ కింద అడుగుల కొద్దీ పాకి లోపల నల్లబరుస్తుంది. వైర్లు మెలిపెట్టి టేపు చుట్టడం వద్దు. లోపల జిగురున్న హీట్‌ ష్రింక్‌ లగ్గులను క్రింపింగ్‌ ప్లయరుతో నొక్కి, వేడి చేసి మూసెయ్యండి. రేకు రంధ్రాల గుండా వెళ్లే ప్రతి చోటా రబ్బరు గ్రోమెట్‌ తొడగండి.

పంపును కూడా బ్యాటరీ మెయిన్‌ స్విచ్చుతో ఆపేయాలా?

చేతితో వేసుకునే స్విచ్చు వైరును దానితో ఆపొచ్చు. నీటి మట్టం పెరిగితే తనంతట తాను తిరిగే ఏర్పాటును మాత్రం ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకి కలపాలి. వర్షం కురిసే రాత్రి పడవలో ఎవరూ ఉండరు, మెయిన్‌ స్విచ్చు ఆఫ్‌లో ఉంటుంది. ఇలాంటి పంపుకు సాధారణంగా రెండు ప్లస్‌ వైర్లు, ఒక మైనస్‌ ఉంటాయి. ఏది చేతి స్విచ్చుది, ఏది ఆటోమేటిక్‌ది అన్నది కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి లేబులు చూసే కలపండి. ఫ్యూజు ఎన్ని ఆంపియర్లదో కూడా దాని మీదే రాసి ఉంటుంది, అంతకంటే పెద్దది పెట్టకండి. జాయింట్లన్నీ నీరు చేరే మట్టానికి పైనే ఉండేలా కట్టి, ట్రెయిలర్‌ మీద ఉండగానే పడవలో బక్కెటు నీళ్లు పోసి, మెయిన్‌ స్విచ్చు ఆఫ్‌లో ఉంచి, పంపు తనంతట తాను తిరిగి ఆగుతుందో లేదో చూసుకోండి.